కడిగే మందు లేదు, వచ్చే దారి చూసుకోవాలి

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది, నా మాట వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి.

1997లో స్వీడన్ దక్షిణాన ఒక కొండకి రైలు సొరంగం తవ్వుతున్నారు. లోపల నీళ్లు ఊరిపోతుంటే పగుళ్లు పూడ్చడానికి ఒక రసాయనం ఎక్కించారు. అందులో అక్రిలమైడ్ అనే పదార్థం ఉంది. అది సరిగ్గా గట్టిపడకుండా నీళ్లలో కలిసి వాగులోకి వెళ్లింది. ఆ నీళ్లు తాగిన ఆవులు కాళ్లు పడిపోయి కూలబడ్డాయి, చేపలు చచ్చి తేలాయి. సొరంగంలో పనిచేసినవాళ్ల రక్తం పరీక్ష చేశారు, పోల్చి చూసుకోవడానికి ఆ సొరంగం మొహం కూడా చూడని మామూలు మనుషుల రక్తం కూడా తీసుకున్నారు. చిత్రం ఏమిటంటే వాళ్ల రక్తంలోనూ అక్రిలమైడ్ జాడ కనిపించింది. వాళ్లు ఆ వాగు దగ్గరికి వెళ్లలేదు, ఆ నీళ్లు తాగలేదు, మరి ఎక్కడినుంచి వచ్చింది? ఆ ప్రశ్న పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తే జవాబు 2002లో వంటింట్లో దొరికింది. బంగాళాదుంప లాంటి పిండిపదార్థాల్ని బాగా వేడిమీద, 120 డిగ్రీలు దాటి వేయించినా కాల్చినా అది దానంతటదే తయారవుతుంది. ఎవరూ కలపక్కర్లేదు. ఉడకబెడితే రాదు. అందుకే వేయించేది ఏదైనా లేత బంగారు రంగు రాగానే దించెయ్యండి, నల్లగా మాడిన అంచులు కరకరలాడుతున్నాయని ఏరుకుని తినకండి.

నేను ఈ కథతో ఎందుకు మొదలుపెట్టానంటే, కాలుష్యం అనగానే మనకి ఫ్యాక్టరీ గొట్టం, మురికి కాలువ కళ్ల ముందు ఆడతాయి, అది మన చేతుల్లో లేదులే అని నిట్టూర్చి ఊరుకుంటాం. కానీ ఒంట్లోకి వచ్చేదాంట్లో చాలా భాగం మనం రోజూ ముట్టుకునే వస్తువుల నుంచే వస్తుంది. పుట్టకముందు నుంచి పోయేదాకా ఒక మనిషికి గాలి, నీరు, తిండి, వస్తువులు, అలవాట్ల ద్వారా తగిలేవన్నీ కలిపి లెక్కేయాలని క్రిస్టఫర్ వైల్డ్ అనే శాస్త్రవేత్త 2005లో ఒక మాట తెచ్చారు, ఎక్స్‌పోజోమ్ అని. మాట కష్టంగా ఉంది కానీ విషయం తేలికే: జన్యువులు మార్చుకోలేం, ఇది కొంతవరకైనా మార్చుకోగలం.

ఈ రసాయనాలన్నీ ఒక రకం కావు. ఈ ఒక్కటి అర్థమైతే మిగతాదంతా మీరే తేల్చుకోగలరు. కొన్ని చుట్టపు చూపుగా వచ్చి పోతాయి. కొన్ని తిష్ట వేస్తాయి. ప్లాస్టిక్‌లో ఉండే బిస్ఫెనాల్ ఎ, అంటే బీపీఏ, మొదటి రకం. ఒంట్లోకి వచ్చినదాంట్లో ఎక్కువ భాగం ఒక రోజులో మూత్రంలో వెళ్లిపోతుంది. ప్లాస్టిక్‌ని మెత్తగా ఉంచే థాలేట్లు, చాలా రకాల పురుగుమందులు కూడా అంతే. అయినా దాదాపు ఎవరిని పరీక్షించినా అవి కనిపిస్తూనే ఉంటాయి, ఎందుకంటే పొద్దున పోయింది మధ్యాహ్నం భోజనంతో మళ్లీ వస్తోంది. సీసం, పాదరసం, నాన్‌స్టిక్ తయారీలో వాడుతూ వచ్చిన పీఫాస్ రసాయనాలు రెండో రకం. పీఫాస్‌లో కొన్నిటికి ఒంట్లో సగం తగ్గడానికే ఏళ్లు పడుతుంది. సీసం అయితే ఎముకలో చేరి దశాబ్దాలు ఉండిపోతుంది.

మొదటి రకానికి సంబంధించి నాకు చాలా ధైర్యాన్నిచ్చిన పరిశోధన ఒకటుంది. 2011లో అమెరికాలో అయిదు కుటుంబాలు, మొత్తం ఇరవై మంది, పెద్దలూ పిల్లలూ. మూడు రోజులపాటు వాళ్లకి డబ్బాల్లో, ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో వచ్చిన తిండి ఆపేసి తాజాగా వండినవి, ప్లాస్టిక్ తగలకుండా పెట్టారు. మూడంటే మూడు రోజులు. మూత్రంలో బీపీఏ సగటున 66 శాతం తగ్గింది. డీఈహెచ్‌పీ అనే థాలేట్ ఆనవాళ్లు సగానికి పైగా తగ్గాయి. అదే ఏడాది వచ్చిన ఇంకో పరిశోధనలో 75 మంది రోజుకి ఒకసారి చొప్పున అయిదు రోజులు డబ్బా సూప్ తాగారు, మరో అయిదు రోజులు తాజా సూప్ తాగారు. డబ్బా సూప్ తాగినప్పుడు బీపీఏ పది రెట్లు దాటి పెరిగింది. డబ్బా లోపలి పూతలోంచి దిగింది అదంతా.

ఒంటికి రాసుకునేవి కూడా ఇంతే. కాలిఫోర్నియాలో వందమంది టీనేజ్ అమ్మాయిలు మూడు రోజులు తమ క్రీములు, షాంపూలు పక్కన పెట్టి, థాలేట్లు, సరుకు పాడవకుండా కలిపే పారాబెన్లు, క్రిముల్ని చంపడానికి కలిపే ట్రైక్లోసాన్ లేని వాటిని వాడారు. మిథైల్ పారాబెన్ 44 శాతం తగ్గింది, ట్రైక్లోసాన్ 36 శాతం. 2016లో వచ్చింది ఇది. వాసన కోసం కలిపినదాన్ని లేబుల్ మీద "ఫ్రాగ్రెన్స్" అని ఒక్క ముక్కలో రాసేస్తారు, దాని వెనక ఏముందో మనకి తెలియదు. వాసన లేనిది దొరికితే అది తీసుకోండి, పిల్లలకైతే మరీను.

ఇప్పుడు ఒక్కసారి మీ వంటింట్లోకి రండి. పొయ్యి మీంచి అప్పుడే దించిన కూర. ఆవిరి పొంగుతోంది. టైమ్ అయిపోతోందని గబగబా ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూత నొక్కేస్తాం. రెండు నిమిషాల తర్వాత ఆ మూతని వెలుతురుకి ఎత్తి చూడండి. లోపలివైపంతా చెమట పట్టినట్టు నీటి బొట్లు, వేడికి మెత్తబడిన ప్లాస్టిక్ మీద, కూరలోంచి ఎగిసిన నూనె జిడ్డుతో కలిసి, ఒక్కొక్కటే బరువెక్కి జారి మళ్లీ కూరలోనే పడుతుంటాయి. ప్లాస్టిక్‌లోంచి రసాయనం దిగడానికి వేడి, నూనె, పులుపు, సమయం, ఈ నాలుగూ తోడ్పడతాయి. ఆ డబ్బాలో నాలుగూ ఉన్నాయి. నేను ప్లాస్టిక్ మొత్తం పారేయమనను, ఎవరి ఇంట్లోనూ అది జరగదు. పొడి పప్పులు పెట్టుకోండి, చల్లటివి పెట్టుకోండి. వేడిది మాత్రం స్టీలులోకి, గాజులోకి. మైక్రోవేవ్‌లో ప్లాస్టిక్ పెట్టొద్దు, "మైక్రోవేవ్ సేఫ్" అని రాసున్నా సరే, ఆ మాటకి డబ్బా కరగదు, వంగదు అన్నంతవరకే అర్థం చాలాసార్లు. "బీపీఏ లేదు" అన్న స్టిక్కర్ చూసి కూడా నిశ్చింతగా ఉండకండి. దాని బదులు బీపీఎస్ లాంటి దాని దగ్గరి చుట్టాలని వాడతారు, అవీ హార్మోన్ల జోలికి వెళ్లే రకాలే.

చంటిపిల్లల పాలసీసా సంగతి విడిగా చెప్పాలి. 2020లో ఐర్లండ్‌లో ట్రినిటీ కాలేజీ వాళ్లు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ సీసాల్లో వేడినీళ్లతో పాలు కలిపే పద్ధతిని పరీక్షిస్తే, లీటరుకి కోటీ అరవై లక్షల దాకా మైక్రోప్లాస్టిక్ రేణువులు రాలాయి. నీళ్లు ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ. డబ్బా పాలు మరిగించిన నీళ్లతోనే కలపాలి, అందులో మార్పు లేదు, లేకపోతే ఇన్ఫెక్షన్లు వస్తాయి. కాకపోతే గాజు పాత్రలోనో స్టీలు గిన్నెలోనో కలిపి, గోరువెచ్చగా అయ్యాక సీసాలో పొయ్యండి. పదినిమిషాల ఓపిక.

ఇక్కడ ఎప్పుడూ ఒకరు అడుగుతారు, ఇన్ని లోపలికి వెళ్తున్నాయి కదా, కడిగెయ్యడానికి డిటాక్స్ పొడి ఏదన్నా చెప్పండి అని. కడిగే మందు లేదండీ. మన లివర్ పగలూ రాత్రీ ఆ పనే చేస్తోంది. నూనెలో కరిగే రసాయనాన్ని నీళ్లలో కరిగేలా మార్చి కిడ్నీలకి, పైత్యరసానికి అప్పగిస్తుంది. డిటాక్స్ అని అమ్మే రసాలు, పొడులు ఆ పనిని వేగవంతం చేస్తాయనడానికి చెప్పుకోదగ్గ రుజువు లేదు. పైగా కొన్ని మూలికా పొడుల్ని పరీక్షిస్తే వాటిలోనే సీసం, పాదరసం బయటపడ్డాయి. ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. భయపడ్డ మనిషికి ఇంకొంచెం విషం అమ్మడం అది. సీసం లాంటివి లాగే మందులు ఉన్నాయి, నిజమే, కానీ అవి పరీక్షలో విషప్రభావం తేలినవాళ్లకి డాక్టరు దగ్గరుండి ఇచ్చేవి, మనంతట మనం వాడేవి కావు.

తిండి వల్ల అసలేమీ జరగదా అంటే, జరుగుతుంది. చైనాలో చిడాంగ్ అనే చోట, గాలి బాగా పాడైన ప్రాంతంలో, 291 మందికి పన్నెండు వారాలు రోజూ పానీయం ఇచ్చారు, సగంమందికి అందులో బ్రోకలీ మొలకల రసం. అది తాగినవాళ్ల మూత్రంలో, పాడైన గాలితో లోపలికి వెళ్లే బెంజీన్ బయటికి పోవడం 61 శాతం, అలాంటిదే అక్రోలీన్ 23 శాతం పెరిగింది. 2014లో వచ్చిన ఫలితం. దీనివల్ల ఎవరికీ క్యాన్సర్ రాకుండా ఆగిందని ఇంకా ఎవరూ చూపించలేదు, అంతవరకే చెప్పాలి. కానీ బ్రోకలీలోనూ, అది చేరే క్యాబేజీ, కాలీఫ్లవర్, ఆవాల మొక్కల కుటుంబంలోనూ ఉండే పదార్థం లివర్‌కి సాయం చేస్తుందన్నది నమ్మదగ్గ మాటే. దానికి పొడి కొనక్కర్లేదు, కూర వండుకుంటే చాలు.

ఇప్పుడు సీసం. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి.

మా అమ్మాయి పాకే వయసులో మేం ఒక పాత ఇంట్లో అద్దెకుండేవాళ్లం. చెక్క కిటికీ, ఎన్నిసార్లు రంగు వేశారో తెలియదు, పొర మీద పొర. నేను రోజూ పొద్దున్నే ఆ కిటికీ తెరిచేవాణ్ణి, గాలి రావాలి కదా. తలుపు బిగుసుకుపోయి ఉండేది, గట్టిగా నెడితే కిర్రుమని తెరుచుకునేది. అలా రాసుకున్న ప్రతిసారీ చట్రం దగ్గర సన్నటి బూడిదరంగు పొడి రాలేది. దుమ్ము అనుకున్నాను. మా అమ్మాయి ఆ కిటికీ గూట్లో రెండు చేతులూ ఆనించి నిలబడి రోడ్డు చూసేది, తర్వాత వేళ్లు నోట్లో పెట్టుకునేది. పాప పాలిపోయినట్టుందని డాక్టర్ రక్తపరీక్షలు రాశారు, వాటిలో సీసం కూడా ఉంది. ఉండకూడనంత వచ్చింది. ఐరన్ బాగా తక్కువగా ఉంది. ఈ రంగంలో చదువుకున్నవాణ్ణి, ఆ పొడిని రోజూ కళ్లారా చూశాను, అదేమిటో తట్టలేదు. పాత రంగుల్లో సీసం ఉంటుంది, రాలింది ఆ రంగు పొడే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ రెండు ఫలితాలూ ఒకే కాగితం మీద ఉండటం యాదృచ్ఛికం కాదు. ఐరన్, కాల్షియం తక్కువైన పేగు సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. ఒంటికి సీసానికీ కాల్షియానికీ తేడా సరిగ్గా తెలియదు, దాన్ని ఇదనుకుని లోపలికి రానిచ్చి ఎముకలో దాచేస్తుంది. మింగిన సీసంలో పెద్దవాళ్ల కంటే పిల్లలు నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటారు. ఖాళీ కడుపు అయితే ఇంకా ఎక్కువ. అందుకే పిల్లలు ఆకలితో ఆడుకోకూడదు, ఆటకి ముందు ఏదో ఒకటి తినాలి, తినబోయే ముందు చేతులు కడుక్కోవాలి. పాలు, పెరుగు, ఆకుకూరలు, పప్పులు, గుడ్లు, వాటితోపాటు విటమిన్ సి ఉన్న పండు ఏదైనా, ఎందుకంటే శాకాహారంలోని ఐరన్ ఒంటికి పట్టడానికి అది కావాలి. రక్తంలో సీసం డెసీలీటరుకి 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉండి, ఐరన్ గానీ కాల్షియం గానీ చాలని పిల్లలకి వాటిని మందుగా ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లోనే ఉంది. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి, దాదాపు 80 కోట్లమందికి, ఆ స్థాయిలో సీసం ఉందని యునిసెఫ్ 2020లో లెక్క చెప్పింది.

మేం చేసిందల్లా ఆ కిటికీ తెరవడం ఆపేశాం, గూడు రోజూ తడిగుడ్డతో తుడిచాం, చీపురు మానేసి నేలంతా తడి తుడుపే. చీపురుతో ఊడిస్తే ఆ పొడి గాల్లోకి లేచి మళ్లీ మంచం మీద పడుతుంది. బయటి చెప్పులు గుమ్మం అవతలే. ఐరన్ చుక్కలు. కొన్ని నెలల్లో తగ్గుముఖం పట్టింది. పూర్తిగా పోయిందని నేను చెప్పలేను, ఎముకలో చేరింది అంత తొందరగా పోదు. గర్భంతో ఉన్నప్పుడు ఆ ఎముకల్లోంచే కాల్షియంతోపాటు సీసం కూడా రక్తంలోకి వస్తుంది, అంటే తల్లి చిన్నప్పుడు మింగింది బిడ్డ దాకా వెళ్తుంది. మా అమ్మాయికి కాల్షియం తగ్గకుండా ఇప్పటికీ చూసుకుంటున్నాం.

అన్నం సంగతి తొందరగా చెప్తాను. వరి నీళ్లలో నిలబడి పెరుగుతుంది కాబట్టి మట్టిలో ఉండే విషం ఆర్సెనిక్‌ని మిగతా ధాన్యాల కంటే ఎక్కువ లాగుతుంది. ముడిబియ్యంలో ఇంకా ఎక్కువ, అది తవుడు పొరలో ఉంటుంది. షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో ఒక పద్ధతి చూపించారు: బియ్యం ఎక్కువ నీళ్లలో అయిదు నిమిషాలు ఉడకనిచ్చి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ మంచినీళ్లు పోసి సన్నసెగ మీద నీళ్లు ఇగిరేదాకా ఉడికించడం. తెల్లబియ్యంలో ఆర్సెనిక్ 74 శాతం, ముడిబియ్యంలో సగానికి పైగా పోయింది. అయితే వండే నీళ్లలోనే ఆర్సెనిక్ ఉంటే ఇది పనిచేయదు. బోరు నీళ్లు వాడేవాళ్లు ఒకసారి పరీక్ష చేయించుకోవాలి, లీటరుకి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. మరిగిస్తే ఆర్సెనిక్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. దీనికి ఆర్సెనిక్ తీసే ఫిల్టరే దారి.

చేపలు మానక్కర్లేదు. సొర, కత్తిచేప లాంటి పెద్ద చేపలు చిన్నవాటిని తిని తిని పాదరసం పోగేసుకుంటాయి. చిన్న చేపలు తినండి.

గాలి. పీఎం 2.5 అంటే వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండని రేణువు, ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్లి అక్కడినుంచి రక్తంలోకి దూరుతుంది. ఏడాది సగటు ఘనపు మీటరుకి 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది, అంతకుముందు 10 ఉండేది. ప్రపంచంలో 99 శాతం మంది ఆ హద్దు దాటిన గాలే పీలుస్తున్నారు. ఇది తిండితో సరిచేసే విషయం కాదు, ఆ మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. చేయగలిగింది ఏమిటంటే, నడక గానీ పరుగు గానీ పెద్ద రోడ్డు పక్కన వద్దు, రెండు మూడు వీధులు లోపలికి జరిగితే వాహనాల పొగలోని అతిసూక్ష్మ రేణువులు బాగా తగ్గిపోతాయి. గాలి మరీ పాడైన రోజు ఎన్95 మాస్క్, బట్ట మాస్క్ ఈ రేణువుల్ని ఆపదు. వంటచేసేటప్పుడు, చేశాక కూడా కాసేపు ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరగనివ్వండి, నూనె పొగలెగిసే దాకా కాగనివ్వద్దు. ఇంట్లో ఎవరన్నా సిగరెట్ కాలుస్తుంటే ఇప్పటిదాకా నేను చెప్పినవన్నీ పక్కన పెట్టి ముందు అది మాన్పించండి, దాని ముందు మిగతావన్నీ చిన్నవి.

సరే, ప్రశ్నలు. మూడో వరసలో అమ్మా, చెప్పండి.

కూరగాయలకి మందులు కొడుతున్నారు, అసలు తినడం తగ్గించాలా అంటున్నారు. వద్దమ్మా, ఒక్క ముక్క కూడా తగ్గించకండి. వాటి మీది మందు వల్ల జరిగే చెడు కంటే అవి మానేస్తే జరిగే చెడు చాలా పెద్దది. కడిగే పద్ధతి మార్చుకోండి. ఆపిల్ పండ్ల మీద 2017లో చేసిన ప్రయోగంలో లీటరు నీళ్లకి పది గ్రాములు, అంటే రెండు చెంచాల వంటసోడా కలిపి పన్నెండు, పదిహేను నిమిషాలు ఉంచితే పైనున్న రెండు రకాల మందుల్లో ఒకటి 80 శాతం, ఇంకొకటి 96 శాతం పోయాయి. తొక్కలోకి ఇంకిపోయింది మాత్రం పోలేదు. సబ్బుతో కడగొద్దు. సేంద్రియంగా పండించినవి అందుబాటులో ఉంటే మంచిదే, 23 మంది పిల్లలకి అయిదు రోజులు అలాంటి తిండి పెడితే పురుగుమందులైన మలాథియాన్, క్లోర్‌పైరిఫాస్ ఆనవాళ్లు మూత్రంలో దొరకనంతగా తగ్గాయి. దొరకకపోతే మామూలువే బాగా కడుక్కుని తినండి, టెన్షన్ పడకండి.

బాబూ, నువ్వు? సీసా నీళ్లు. అవును, 2024లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు లెక్కపెడితే లీటరు సీసా నీళ్లలో సగటున రెండు లక్షల నలభై వేల ప్లాస్టిక్ రేణువులు, వాటిలో నూటికి తొంభై అతిసూక్ష్మమైనవే. అదే ఏడాది ఇటలీలో మెడ రక్తనాళంలో పేరుకున్న కొవ్వు తీయించుకున్నవాళ్లని పరిశీలిస్తే, ఆ కొవ్వులో ప్లాస్టిక్ ఉన్నవాళ్లకి తర్వాత మూడేళ్లలో గుండెపోటు, పక్షవాతం, మరణం ముప్పు నాలుగున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. ప్లాస్టికే దానికి కారణమని ఇంకా తేలలేదు. కానీ ఇంట్లో నీళ్లు శుభ్రంగా ఉంటే స్టీలు సీసాలో పట్టుకెళ్లడానికి అది తేలేదాకా ఎందుకు ఆగాలి?

మనం ఒక్కళ్లం ఇవన్నీ చేస్తే ఏం లాభం, చట్టం మారాలి కదా అని అక్కడినుంచి ఒకాయన అంటున్నారు. మారాలండీ, నేను గట్టిగా నమ్మేది అదే. పెట్రోల్‌లో సీసం కలపడం 1921లో కనిపెట్టారు, ప్రపంచంలో చివరి దేశం అల్జీరియా అది అమ్మడం ఆపింది 2021లో. వందేళ్లు. ఆపిన ప్రతిచోటా పిల్లల రక్తంలో సీసం దిగివచ్చింది, ఏ తల్లీ వంటింట్లో చేయగలిగింది కాదది. అడగడం మానకండి. కానీ చట్టం వచ్చేలోపు మీ పిల్లలు పెరిగిపోతారు, అందుకే ఈ తడిగుడ్డ మాటలు చెప్తున్నాను.

ఆఖరి ప్రశ్న. అమ్మా, మీరు కూర్చునే అడగండి, లేవకండి. ఎన్నో నెల? ఏడో నెల, ఇల్లు పాతది, బిడ్డ వచ్చేలోపు రంగులు వేయిస్తున్నారు, ఇవాళే పాత రంగు గీకడం మొదలుపెట్టారు. మీరు ఆ ఇంట్లోనే ఉంటున్నారా? అమ్మా, ఇంటికి ఇప్పుడే వెళ్లొద్దు. పాత రంగు పొడిగా గీకినా, మెషిన్ పెట్టి రుద్దినా, మంటతో కాల్చినా సీసం పొడి, పొగ ఇల్లంతా పరుచుకుంటుంది. ఆ రంగు ఊడిపోకుండా గట్టిగా ఉన్నచోట గీకకుండా పైనే కొత్తది వేయొచ్చు. ఊడుతున్నచోట నీళ్లు చల్లుతూ, తలుపులు మూసి, కింద షీటు పరిచి తీయాలి, తీసేవాళ్లు మాస్క్ పెట్టుకోవాలి, పాపం వాళ్ల ఇళ్లలోనూ పిల్లలుంటారు, ఆ బట్టలతో ఇంటికెళ్లకూడదు. అంతా అయ్యాక రెండు మూడుసార్లు తడిగుడ్డతో తుడిపించి అప్పుడు మీరు వెళ్లండి, అప్పటిదాకా ఎవరన్నా దగ్గరివాళ్ల ఇంట్లో ఉండండి. మీ డాక్టర్ని అడిగి రక్తంలో సీసం పరీక్ష చేయించుకోండి, కాల్షియం, ఐరన్ ఆపకండి. ముందు ఫోన్ చేసి గీకడం ఆపమనండి. వాళ్లు వినకపోతే నాకివ్వండి, నేను మాట్లాడతాను.